బ్లెరియో 11తో ఎనిమిది నెలలు

1909 జులై 25న ఫ్రెంచ్ పైలట్ లూయీ బ్లెరియో, ఫ్రాన్స్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్యనున్న సముద్రం ఇంగ్లిష్ చానల్ దాటింది ఈ బ్లెరియో 11 రకం విమానంలోనే. కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్‌లో దాని మోడల్‌ని ఎనిమిది నెలలుగా నడుపుతున్నాను. అంతకుముందు నేను నడిపినవన్నీ ఆటోపైలట్ వేసి టీ తాగొచ్చే జెట్‌లే. ఇందులో కప్పు మీద చెయ్యి వేస్తే విమానం నేల మీదుంటుంది.

మొదటి వారమంతా గడ్డిలోనే గడిచింది. బ్రేకులు లేవు. స్పీడ్ అందుకునేలోపే ముక్కు పక్కకి లాగేస్తుంది, సరిదిద్దబోతే రెండో పక్కకి పోతుంది. మా వాడు రోజూ వచ్చి "నాన్నా, ఇంకా ఎగరలేదా?" అని అడిగి వెళ్లేవాడు.

ఎగిరాక అసలు కష్టం మొదలైంది. దీనికి ఐలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వంచడానికి రెక్కల వెనక అంచున ఉండే కదిలే పలకలు, ఉండవు. స్టిక్ పక్కకి వంచితే తీగలు రెక్కల్నే మెలిపెడతాయి. బయటి కెమెరా పెట్టి చూస్తే రెక్క చివర తడిబట్ట పిండినట్టు మెల్లగా మెలి తిరుగుతుంది. ఆ మెల్లదనమే నా కొంప ముంచింది. స్పందన లేదనుకుని ఇంకాస్త వంచేవాణ్ణి. పైకి లేచిన రెక్క గాలికి వెనక్కి లాగేది, ముక్కు నేను అనుకున్న వైపు కాకుండా ఎదురు తిరిగేది. మలుపు కాలితోనే తిప్పాలి, చేతితో సర్దుకోవాలి అంతే. ఇది వంటబట్టడానికి నెల పట్టింది. రడ్డర్ పెడల్స్ (తోకలోని చుక్కానిని కాలితో తిప్పేవి) లేనివాళ్లు దీని జోలికి పోకండి. జాయ్‌స్టిక్ స్ప్రింగ్ కూడా గట్టిగా ఉండకూడదు. నేనైతే విప్పి మెత్తటిది వేసుకున్నాను.

ఇంజన్ మూడు సిలిండర్ల అంజానీ, 25 హార్స్ పవర్. మా వీధిలో తిరిగే పెద్ద బైకులకి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది! మోడల్‌లో దాని చప్పుడు బ్రహ్మాండం. కానీ ఎంతసేపు తిప్పినా వేడెక్కదు. నాకు నచ్చనిది ఇదే. అసలు ఇంజన్‌కి వేడే పెద్ద గండం. బ్లెరియో చానల్ దాటిన రోజు దారిలో వాన పడి చల్లార్చబట్టే గట్టెక్కిందని చెబుతారు. ఇంకోటి, అసలు విమానానికి ముందు చక్రాలు పక్కగాలికి తగ్గట్టు తిరుగుతాయి. ఇక్కడ ఎడ్లబండి చక్రాల్లా బిగుసుకుని ఉన్నాయి. తయారుచేసినవాళ్లకి రెండుసార్లు రాశాను, ఉలుకూ పలుకూ లేదు.

అయినా తీసెయ్యలేదు. పోయిన నెల మ్యాప్ ఆపేసి, పొగమంచు పెట్టి, నైరుతి గాలి వదిలి, కలే పక్కనున్న లె బరాక్ నుంచి లేచాను. బ్లెరియో దగ్గర దిక్సూచి కూడా లేదు కాబట్టి నేనూ పెట్టుకోలేదు. ఫ్రాన్స్ తీరం మాయమయ్యాక ఇంగ్లండ్ తీరం కనిపించేదాకా చుట్టూ ఒకటే బూడిదరంగు. కుర్చీలో కూర్చునే అరచేతులు చెమటపట్టాయి. తెల్లటి కొండలు కనిపించేసరికి డోవర్ దాటి ఈశాన్యంగా, సెయింట్ మార్గరెట్స్ బే వైపు కొట్టుకుపోయాను. అతన్నీ గాలి అటే తోసింది. ఎడమకి తిరిగి కొండల వెంట వెనక్కి వచ్చాను.

అతనికి పట్టింది సుమారు 37 నిమిషాలు, నాకు 44. డోవర్ కోట పక్క గడ్డిలో దిగేటప్పుడు అతనికి చక్రాల కాళ్లూ ప్రొపెల్లరూ రెండూ విరిగాయి. నాకు ప్రొపెల్లర్ ఒక్కటే.