వేవ్ గ్లైడర్ ఎస్‌వీ3: ఏ అలకు పరుగెడుతుంది, ఏ అలకు మొరాయిస్తుంది

వేవ్ గ్లైడర్ మనిషి లేకుండా సముద్రంలో తిరిగే వాహనం. ఫొటోల్లో చూస్తే సోలార్ పడవలా ఉంటుంది కానీ కాదు. పైనున్న సోలార్ పలకలు సెన్సార్లకీ, రేడియోకీ, అవసరానికి తిప్పుకునే చిన్న ప్రొపెల్లర్‌కీ. నడిపించేది అలే. పైన సుమారు 3 మీటర్ల తేలే పలక, కింద కేబుల్‌కి వేలాడే చట్రం, దానికి ఆరు జతల రెక్కలు. చట్రం పైకి లేస్తుంటే రెక్కల వెనక అంచు కిందికి వాలుతుంది, దిగుతుంటే పైకి లేస్తుంది. రెండు సార్లూ తోపు ముందుకే. దీని ముందు మోడల్ ఒకటి, పేరు పాపా మావ్, 2011 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి ఏడాదికి ఆస్ట్రేలియా చేరింది. 9,000 నాటికల్ మైళ్ల పైమాటే. ఓర్పులో దీనికి వంక పెట్టలేం.

వేగం సంగతి వేరు. అల ఎత్తు చూసి మురిసిపోవద్దు, పీరియడ్ చూడండి, అంటే ఒక అల శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య పట్టే సమయం. కేబుల్ 8 మీటర్లు, అల ఎత్తు 2 మీటర్లు అనుకుందాం. 5 సెకన్ల అలకు చట్రం చుట్టూ నీటితో పోలిస్తే అటూ ఇటూ 72 సెంటీమీటర్లు ఊగుతుంది. 8 సెకన్లకు 40. 12 సెకన్ల స్వెల్‌కి, అంటే దూరపు గాలులకు పుట్టి ఇక్కడిదాకా వచ్చే పొడవాటి అలకి, 20 మాత్రమే, ఎందుకంటే లోతులో ఉన్న నీరు కూడా పలకతోపాటే లేచి దిగుతుంటుంది. పైగా ఆ ఊపు నెమ్మది కూడా, అందుకే రెక్క మీద నీటి వేగం 5 సెకన్ల అలతో పోలిస్తే దాదాపు తొమ్మిదో వంతుకి పడిపోతుంది. మన తీరానికి దక్షిణం నుంచి వచ్చే పొడవాటి స్వెల్ సరిగ్గా ఇలాంటిదే. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ సూచనల్లో పీరియడ్ కూడా ఇస్తారు, అదీ చదవాలి.

దించే ముందు ప్రతి రెక్కనీ చేత్తో తిప్పి చూడాలి. ఒక్కటి బిగుసుకున్నా చట్రం పక్కకి లాగుతుంది. కేబుల్‌లో మెలిక ఉండకూడదు. నాచు, గుల్లలు పట్టాయంటే వేగం నెలల్లో కరిగిపోతుంది. వలలున్న చోటికి అసలు పంపొద్దు.

ఇవే రెక్కల్ని తేలే ప్లాట్‌ఫామ్‌కి బిగించవచ్చా అని అడిగేవాళ్లున్నారు. బిగించవచ్చు, కానీ లెక్క తిరగబడుతుంది. గ్లైడర్ రెక్క లోతులో ఉండాలి. 8 నుంచి 12 సెకన్ల అలలకు పెద్దగా కదలని సెమీ సబ్‌మెర్సిబుల్‌కైతే (కొంత భాగం నీటిలో మునిగి తేలే ప్లాట్‌ఫామ్) రెక్క ఉపరితలానికి దగ్గరగా ఉండాలి, నీటి ఊపు అక్కడే ఎక్కువ. 8 సెకన్ల అలకు 3 మీటర్ల లోతున 83 శాతం ఊపు మిగులుతుంది, 8 మీటర్లకు పోతే 60 శాతమే. రెక్క అలకి ఎదురు నెడుతుంది కాబట్టి తగ్గేది కూడా అల కొట్టే దెబ్బ కాదు, ప్లాట్‌ఫామ్‌ని ఒకే దిక్కుకి నెట్టుకుపోయే సగటు తోపు. లంగరు గొలుసులకు అంతవరకే ఊరట.

రెక్క తిరిగే ఇరుసుకి (పివట్) 8 సెకన్ల అలతో రోజుకి 10,800 ఊపులు, ఏడాదికి 39 లక్షలు. బేరింగ్, బ్రాకెట్ వెల్డింగ్ ఆ లెక్కకి చేయించాలి. ఇంకో చిక్కు: అల ఎటు నుంచి వచ్చినా రెక్క నెట్టేది తన ముందు అంచు వైపే. నలువైపులా గొలుసులతో కట్టిన ప్లాట్‌ఫామ్ అలకి ఎదురు తిరగలేదు కాబట్టి, వెనక నుంచి అల వచ్చిన రోజు ఆ తోపు కూడా గొలుసుల మీదే పడుతుంది.