రోమియో అండ్ జూలియెట్ సటీక ముద్రణ: తల్లిదండ్రుల విషయంలో తొందరపడిన వ్యాఖ్య

షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియెట్'ను ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో అర్థాలు, వివరణలతో అచ్చువేసిన ఒక విద్యార్థి ముద్రణను ఈ మధ్య కొని రెండుసార్లు చదివాను. అచ్చు కంటికి హాయిగా ఉంది, పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా పరిచినా కుట్టు వదలలేదు, పాత మాటలకు ఇచ్చిన అర్థాలు క్లుప్తంగా, నమ్మదగినవిగా ఉన్నాయి. నా అభ్యంతరమంతా ఇందులో తల్లిదండ్రుల పాత్రలను పరిచయం చేసిన తీరు మీదే.

మొదట్లో ఇచ్చిన పాత్రల పరిచయం జూలియెట్ తండ్రి కాపులెట్‌ను కూతురి మనసు పట్టని కఠినుడని ఒక్క వాక్యంలో తేల్చేసింది. కానీ మొదటి అంకం రెండో రంగంలో పారిస్ అనే యువ ప్రభువు పిల్లనడిగినప్పుడు, ఆమెకింకా పద్నాలుగేళ్లు నిండలేదనీ, మరో రెండు వేసవులు ఆగమనీ, తన మిగతా ఆశలన్నిటినీ మట్టి మింగేయగా ఈమె ఒక్కతే మిగిలిందనీ, ముందు ఆమె మనసు గెలుచుకోమనీ చెప్పేది ఈ తండ్రే. బిడ్డలను పోగొట్టుకున్న మనిషి గొంతు వినిపించే ఈ మాటలకు ఎదురుగా, కుడి పేజీలో వేసవులంటే సంవత్సరాలన్న అర్థం తప్ప మరేమీ లేదు. అదే మనిషి మూడో అంకంలో, తన భార్య మేనల్లుడు టిబాల్ట్ చనిపోయిన సోమవారం రాత్రే, కూతుర్ని ఒక్క మాటైనా అడగకుండా గురువారానికి పెళ్లి ఖాయం చేస్తాడు. ఆమె కాదన్నప్పుడు వీధుల్లో అడుక్కుని, ఆకలితో మాడి చావమంటాడు. నాలుగో అంకంలో ఆమె ఒప్పుకున్నట్టు నటించగానే, పట్టలేని సంతోషంతో ముహూర్తాన్ని బుధవారానికి ముందుకు జరుపుతాడు. దాంతో జూలియెట్, ఈ పెళ్లి తప్పించుకోవడానికి తెచ్చుకున్న, చనిపోయినట్టు కనిపించేలా నిద్రపుచ్చే మందును అనుకున్నదానికన్నా ఒక రాత్రి ముందే తాగాల్సి వస్తుంది. తండ్రి కోపమే కాదు, ఆయన సంబరం కూడా బిడ్డ గడువును తగ్గించిందన్నది నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం. ఈ వ్యాఖ్య దానిని గమనించనే లేదు.

తల్లి విషయంలో మాత్రం వ్యాఖ్యాతకు మంచి చూపు ఉంది. పెళ్లి మాట ఎత్తడానికి దాదిని బయటికి వెళ్లమన్న కాపులెట్ భార్య, మరుక్షణమే ఆమెను వెనక్కి పిలుస్తుంది. కన్నకూతురితో ఒంటరిగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. పాప పాలు మానిన రోజు గుర్తున్నది దాదికే. ఈ చిన్న కదలికను, తరువాత అదే తల్లి 'నాతో మాట్లాడకు, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో' అని ముఖం తిప్పుకునే రంగంతో కలిపి చదవమన్న వివరణ ఈ పుస్తకంలోకెల్లా ఉత్తమమైనది.

రోమియో తల్లిదండ్రులైన మాంటెగ్యూ దంపతులకు దక్కింది రెండు వాక్యాలే. రోమియో రంగస్థలం మీద తన తల్లితో గానీ తండ్రితో గానీ ఒక్కసారి కూడా మాట్లాడడన్న సంగతిని విద్యార్థులకు చెప్పి ఉండవలసింది. పీఠికలో ఈ కథకు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ కావ్యం (1562) పేరు ఉంది కానీ, అందులో దాదాపు పదహారేళ్లున్న జూలియెట్‌ను షేక్‌స్పియర్ పదమూడేళ్ల పిల్లను చేశాడన్న మాట లేదు. ఆ వయసు తెలియకపోతే తండ్రి మొదట ఆగమనడంలోని విలువ, తరువాత తొందరపడటంలోని తప్పు రెండూ సగమే అర్థమవుతాయి.

మూలపాఠం కోసం, పదాల అర్థాల కోసం ఈ పుస్తకాన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. అయితే పాత్రల పరిచయాన్ని ముందు చదవకుండా నేరుగా మొదటి అంకంలోకి వెళ్లండి, నాటకం పూర్తయ్యాకే దానికి తిరిగి రండి.