పెరటి బేరి చెట్టుకు ఏ ఎరువు మేలు: కోడి ఎరువా, సల్ఫేటా, కంపోస్టా?

మా నాన్నకు వీడియో కాల్‌లో చెట్టు చూపించినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "ఏం వేశావురా దానికి?" మెచ్చుకుంటున్నాడేమో అనుకున్నాను. కాదు. తెనాలి దగ్గర నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. ఆకు నిగనిగ చూసే ఆయనకు అనుమానం వచ్చింది. "చేను నల్లబడిందని సంబరపడితే సుడిదోమ దాన్నే వెతుక్కుంటూ వస్తుంది" అన్నాడు. నాలుగు వారాలు తిరక్కుండానే వచ్చింది. దోమ కాదు, ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు.

మేముండేది కాలిఫోర్నియాలో, శాక్రమెంటో పక్కన ఫోల్సమ్. చెట్టు బార్ట్‌లెట్ పియర్, అంటే కోసుకుని తినే బేరి పండు రకం. ఇంగ్లండులో 1770 ప్రాంతంలో పుట్టిన ఈ రకాన్ని అక్కడ విలియమ్స్ అంటారు. అమెరికాలో ఇది పెరుగుతున్న తోటను కొన్న ఎనక్ బార్ట్‌లెట్‌కు అసలు పేరు తెలియక తన పేరుతోనే పంచాడు, అదే నిలిచిపోయింది. మా ఇంటి నుంచి నదివైపు దిగితే కోర్ట్‌లండ్ దగ్గర ఇవే తోటలు, జూలైలో పియర్ జాతర కూడా చేస్తారు. ఎదురుగా కొండెక్కితే కమీనో. అక్కడా ఒకప్పుడు పియర్ తోటలే. 1960 ప్రాంతంలో పియర్ డిక్లైన్ అనే జబ్బు తుడిచిపెట్టేస్తే రైతులు యాపిల్‌కు మారారు. మనవాళ్లంతా సెప్టెంబరు, అక్టోబరుల్లో పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగే యాపిల్ హిల్ అలా వచ్చిందే. ఈ చెట్టుకు జబ్బుల భయం ఇక్కడ ఉత్తమాట కాదని చెప్పడానికే ఇదంతా.

నా తప్పు చెప్తాను. నాటి నాలుగేళ్లయినా కాపు లేదు. ఆకలేమోనని ఒక వసంతంలో కోడి ఎరువు గుళికలు సంచి మొత్తం, పాతిక పౌండ్లు, పాదులో పోశాను. పక్కనే లాన్‌కు వేసిన ఎరువు కూడా వేళ్లకు అందే ఉంటుంది. తీరా చూస్తే పియర్ కాపుకు రావడానికే నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. ఆకలి కాదు, ఈడు రాలేదంతే.

ఆ ఏడు కొత్త రెమ్మలు నడుమెత్తు లేచాయి. మే నెలలో రెండు రోజులు వెచ్చటి జల్లు పడింది. వారం తర్వాత చూస్తే రెమ్మల కొనలు కొడవలిలా వంగి, ఆకులు మంటకు చూపించినట్టు నల్లగా మాడి, రాలకుండా వేలాడుతున్నాయి. బెరడు మీద ఒకచోట తేనెరంగు జిగురు చుక్క. ఈ బాక్టీరియాకు లేత రెమ్మ అంటే పండగ. నత్రజని ఎక్కువైతే చెట్టు చేసేది అలాంటి రెమ్మల్నే. మాడిన చోటుకు అడుగు కిందికి కోసుకుంటూ, కోత కోతకూ కత్తెరను ఆల్కహాల్‌తో తుడుచుకుంటూ వెళ్తే చెట్టులో మూడో వంతు చెత్తబుట్టలో పడింది. పియర్ సిల్లా అనే పురుగుకూ ఆ లేతాకే ఇష్టం. పైగా అంత తిన్న చెట్టు పండుకు తీపీ తగ్గుతుంది.

కాబట్టి ఏ ఎరువు అనే ముందు, అసలు కావాలా అన్నది చూడాలి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, టేపు చాలు. ఫిబ్రవరిలో ఆకుల్లేని కొమ్మను కొన నుంచి వెనక్కి వేలితో తడుముతూ రండి. ఒకచోట కొమ్మ చుట్టూ సన్నటి ఉంగరాల్లా నాలుగైదు ముడతలు దగ్గరదగ్గరగా తగులుతాయి. కిందటేడు మొగ్గ విప్పిన చోటది. అక్కణ్నుంచి కొన దాకా ఉన్నదంతా ఒక్క ఏడాది పెరుగుదల. నిటారుగా లేచిన నీటి కొమ్మల్ని వదిలేసి, చెట్టు చుట్టూ ఐదారు మామూలు కొమ్మల్ని కొలవాలి. కాపు మీదున్న పియర్‌కు అర అడుగు నుంచి అడుగు దాకా ఉంటే చాలు. అడుగు దాటితే ఆ ఏడు నత్రజని మాటే వద్దు. అర అడుగు కూడా లేకపోతే అప్పుడు ఆలోచించాలి. ఇంకా కాపు రాని కుర్ర చెట్టు అడుగున్నర, రెండడుగులు పెరిగినా కంగారు లేదు.

ఇక పోలిక. మా ఆరేళ్ల చెట్టుకు ఏడాదికి 100 గ్రాముల నత్రజని అనుకుందాం, పియర్‌కు అది తక్కువేమీ కాదు. అమోనియం సల్ఫేట్‌లో అది 21 శాతం కాబట్టి అర కిలో వేస్తే సరి. యూరియాలో 46 శాతం, అంటే 220 గ్రాములకే అయిపోతుంది. బ్లడ్ మీల్ అనే సేంద్రియ ఎరువులో 12 శాతం, 800 గ్రాముల పైచిలుకు. పత్తి చెక్క పొడి సుమారు 6 శాతం, కిలోన్నర దాటుతుంది. కోడి ఎరువు గుళికలు 4 శాతం లెక్కన రెండున్నర కిలోలు. నేను పోసింది పదకొండు కిలోలకు పైనే, అంటే నాలుగింతలు. కంపోస్టులో ఒక శాతం ఉన్నా మొదటి ఏడు అందులో పదోవంతు అందితే గొప్ప.

ఇదివరకు నా లెక్క సూటిగా ఉండేది: సేంద్రియం మంచిది, సంచిలో తెల్ల గుళికలు చెడ్డవి. పియర్ విషయంలో నా అభిప్రాయం తిరగబడింది. కోడి ఎరువులో కొంత నత్రజని వెంటనే అందుతుంది, మిగతాది నేల వేడెక్కే కొద్దీ విడుదలవుతుంది. మార్చిలో వేస్తే మే, జూన్‌లలో ఊపందుకుంటుంది. అప్పటికి కాపు నిలిచిందో లేదో తెలిసినా, వేసింది వెనక్కి తీసుకోలేం. కాయల్లేని ఏడు ఆ బలమంతా రెమ్మలకే పోతుంది. దీనికి తోడు ఏటా వేస్తే భాస్వరం పేరుకుపోయి జింక్ అందకుండా చేస్తుంది. ఇక్కడ పియర్‌కు జింక్ లోపం అసలే మామూలు. బత్తాయి, నిమ్మ పెంచినవాళ్లకు ఆ చిన్నాకు వాటం తెలిసే ఉంటుంది: కొనల దగ్గర చిన్న చిన్న ఆకులు గుత్తిగా వస్తాయి. దానికి నత్రజని ఎంత వేసినా దండగే.

సల్ఫేట్ అలా కాదు. మార్చిలో పూత చూసి ఊరుకోవచ్చు. ఏప్రిల్‌లో పిందె నిలిచిందని రూఢి అయ్యాక సగం వేసి, మేలో రెమ్మను చూసి మిగతా సగం సంగతి తేల్చుకోవచ్చు. పూత రాలిపోయిందా, సంచి విప్పనే అక్కర్లేదు. నిర్ణయాన్ని ఆఖరి నిమిషం దాకా మన చేతిలో ఉంచే ఎరువు ఇది. నేలను కొద్దిగా ఆమ్లంవైపు లాగుతుంది కాబట్టి, మట్టి ఇప్పటికే పుల్లగా ఉన్నచోట ఏటా వాడితే పీహెచ్ చూసుకోవాలి. వేసిన రోజే నీళ్లు పెట్టాలి. మొదలు దగ్గర కాకుండా, కొమ్మల కొనలు నేల మీద నీడ పడేసే చోట చుట్టూ చల్లాలి.

యూరియా కూడా ఇదే పని చేస్తుంది, చవగ్గా కూడా. కానీ ఒక్క చెట్టున్న ఇంట్లో గుప్పెడు ఎక్కువైనా లెక్క తప్పుతుంది, నీళ్లు ఆలస్యమైతే గాలిలో కలిసిపోతుంది. నేను వాడను. బ్లడ్ మీల్ గుణం బాగానే ఉంటుంది కానీ అది ఎండబెట్టిన నెత్తురు అని తెలిశాక మా అత్తయ్యగారు గరాజ్‌లో కూడా పెట్టనివ్వలేదు. పక్కింటి కుక్క మాత్రం దానికోసం కంచె దూకింది. సేంద్రియమే కావాలనుకుంటే పత్తి చెక్క నయం, మెల్లగా అందుతుంది, ఘాటు తక్కువ. నేలలో దిగ్గొట్టే ఎరువు మేకులు మాత్రం కొనకండి, వేళ్లు అంత మేరా పాకి ఉంటే ఎరువంతా నాలుగు చోట్లే కూర్చుంటుంది. వీడ్ అండ్ ఫీడ్ అనే లాన్ మందు చెట్టు దరిదాపుల్లోకి రానివ్వకండి. కలుపును చంపేది చెట్టునూ వదలదు.

కంపోస్టును వీటితో పోటీకి పెట్టడమే తప్పు. దాని పని వేరు. ఇక్కడ జూలైలో వందా, నూటఐదు ఫారన్‌హీట్ ఎండలు. ఎర్రమట్టి ఇటుకలా గట్టిపడుతుంది. రెండు మూడు అంగుళాల కంపోస్టు, దాని మీద చెక్క పొట్టు పరిస్తే నీళ్లు పెట్టిన నాలుగో రోజు కూడా అడుగున చేతికి తడి తగులుతుంది. కాయ ఊరే నెలల్లో చెట్టుకు కావలసింది ఆ తడే, ఏ ఎరువూ దాని బదులు పనికిరాదు. మొదలుకు మాత్రం జానెడు దూరం వదలాలి, ఆనించి పోస్తే బెరడు కుళ్లుతుంది. ఏటా ఇది వేస్తాను, కొలతతో సంబంధం లేకుండా.

ఆకు పసుపుబారిందని ఎరువు సంచి దగ్గరికి పరిగెత్తేవాళ్లకు ఒక్క మాట. ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువైనట్టు. కొత్తాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే అది ఇనుము లోపం. ఎక్కువసార్లు కారణం నీళ్లు నిలవడమే.

తెగులు వచ్చిన తర్వాతి రెండేళ్లు ఏ ఎరువూ వేయలేదు, కంపోస్టు తప్ప. కిందటి జూలైలో నలభై కాయల దాకా కోశాం, ఆకుపచ్చగా ఉండగానే. బేరి చెట్టు మీద ముగ్గితే లోపలి నుంచి గోధుమరంగు తిరుగుతుంది, అందుకే కోసి వంటింట్లో మాగబెట్టుకోవాలి. తొడిమ పక్కన బొటనవేలితో నొక్కితే కొద్దిగా మెత్తగా తగలాలి, అప్పుడు తినాలి.

ఈ ఫిబ్రవరిలో కొలిచాను. తొమ్మిది అంగుళాలు, పదకొండు, పది, ఎనిమిదిన్నర, పది. కిందటేడు కొన్న సల్ఫేట్ సంచి ఇంకా దారం విప్పకుండానే ఉంది. నాన్నకు చెట్టు మళ్లీ చూపించాను. ఆకు రంగు గురించి ఏమీ అనలేదు, కాయలెన్ని అని అడిగాడు.