స్టీమ్ డెక్ ఓలెడ్: యంత్రం మన సొంతం, ఆటలు మాత్రం కావు

వాల్వ్ సంస్థ 2023 నవంబరులో తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటర్ స్టీమ్ డెక్ ఓలెడ్‌ను ఏడాదికి పైగా దాదాపు రోజూ వాడుతున్నాను. తెర 7.4 అంగుళాలు, రిఫ్రెష్ రేటు 90 హెర్ట్జ్, బరువు సుమారు 640 గ్రాములు. 2022 నాటి తొలి మోడల్‌లో 40 వాట్-అవర్ ఉన్న బ్యాటరీ ఇందులో 50కి పెరిగింది. గుహలో సాగే ఆటలో నలుపు నలుపుగానే కనిపిస్తుంది. తెర గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

నా మనసు గెలుచుకున్నది దీని వెనుక మూత. స్టోరేజీ చాలక, ఆటలు దాచే ఎస్ఎస్‌డీ డ్రైవును మార్చాలనుకున్నప్పుడు, తీయడం మరిస్తే మూత ఊడదీసేటప్పుడు విరిగిపోయే మైక్రో ఎస్డీ కార్డును ముందుగా బయటికి తీసి, ఎనిమిది స్క్రూలు విప్పి, అంచు వెంట పల్చటి ప్లాస్టిక్ ముక్కను జరుపుతూ పోతే మూత టక్కున విడిపోయింది. లోపల బ్యాటరీ కనెక్టరును ఊడదీసి, 2230 సైజు ఎస్ఎస్‌డీని మార్చి, మళ్లీ బిగించడానికి గంట కూడా పట్టలేదు. విడిభాగాలను, పరికరాల మరమ్మతుకు తోడ్పడే సంస్థ ఐఫిక్సిట్ ద్వారా అధికారికంగా అమ్ముతున్నారు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మీద నడిచే స్టీమ్ ఓఎస్‌లో డెస్క్‌టాప్ మోడ్‌కు వెళ్లి మనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు, కావాలంటే ఓఎస్‌నే మార్చుకోవచ్చు. 2010లో సోనీ ఒక అప్‌డేట్‌తో ప్లేస్టేషన్ 3లో లినక్స్ వేసుకునే సౌకర్యాన్ని తీసేసిన తీరు తెలిసినవారికి ఈ స్వేచ్ఛ విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆటల విషయంలో ఈ స్వేచ్ఛ లేదు. ఒకసారి సుదీర్ఘ రైలు ప్రయాణంలో, ఒక్కరే ఆడుకునే ఆటను తెరిస్తే, దాన్ని తయారుచేసిన కంపెనీ సొంత లాంచర్ (ఆటను తెరిచే ప్రోగ్రామ్) ఇంటర్నెట్ లేదంటూ లాగిన్ పేజీ దగ్గరే ఆగిపోయింది. డబ్బు పూర్తిగా చెల్లించిన ఆట అది. వాల్వ్ నడిపే ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్ కూడా 2024 అక్టోబరు నుంచి, మనం కొనేది లైసెన్సు మాత్రమేనని కార్టు పేజీలోనే చెబుతోంది. అదే ఏడాది మార్చి 31న ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేయడంతో ‘ది క్రూ’ ఆట కొన్నవారికి ఒంటరిగా ఆడుకునే భాగం కూడా దక్కలేదు. ఆ తర్వాత, అమ్మిన ఆటలను ఇలా పనికిరాకుండా చేయొద్దంటూ మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు సేకరించిందంటే, ఆ కోపం పూర్తిగా న్యాయమైనదేనని నేను నమ్ముతున్నాను.

అందుకే ఇప్పుడు కొనే ముందు స్టోర్ పేజీ పక్కన, ఇతర సంస్థల డీఆర్ఎం (కాపీని, వాడకాన్ని నియంత్రించే తాళం లాంటి సాఫ్ట్‌వేర్) ఉందని తెలిపే చిన్న పెట్టెను తప్పక చదువుతున్నాను. వీలైన చోట, డీఆర్ఎం లేని ఆటలు అమ్మే జీఓజీ దుకాణంలో ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ కొని, కాపీని నా డ్రైవులో దాచుకొని, డెక్‌లో నడుపుకొంటున్నాను. కొంచెం శ్రమే కాని, యంత్రం దానికి ఎక్కడా అడ్డుపడదు.

ఫోర్ట్‌నైట్, వాలరెంట్ వంటి ఆటలే ప్రధానమనుకునేవారికి దీన్ని సిఫార్సు చేయను. వాటిలో మోసాలను అడ్డుకునే యాంటీ-చీట్ వ్యవస్థల కారణంగా అవి స్టీమ్ ఓఎస్‌లో నడవవు. ఒంటరిగా, తీరిగ్గా ఆడుకునేవారు మాత్రం నిస్సంకోచంగా కొనవచ్చు.