మోటెలా, హోటలా? అమ్మానాన్నలతో రోడ్ ట్రిప్ అయితే ఏది మేలు

అమ్మానాన్న అమెరికా వచ్చారంటే వేగాస్, గ్రాండ్ కాన్యన్ ట్రిప్ తప్పదు కదా. మేం 2024 ఏప్రిల్‌లో వెళ్లాం. రెండు రాత్రులు వేగాస్‌లో ఓ పెద్ద హోటల్లో, ఒక రాత్రి అరిజోనాలోని విలియమ్స్‌లో చిన్న మోటెల్లో (గది తలుపు ముందే కారు ఆపుకునే రోడ్డుపక్క బస) ఉన్నాం. మోటెల్ అనగానే మా ఆవిడ మొహం చిట్లించింది, పెద్దవాళ్లని అలాంటి చోట పెడతావా అని.

ముందు హోటల్ సంగతి. కారు గ్యారేజీలో పెట్టి, కాసినో మధ్యలోంచి సిగరెట్ పొగలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్లి, లిఫ్టెక్కి 23వ అంతస్తులో దిగి, మళ్లీ వరండా చివరిదాకా నడవాలి. మోకాళ్ల నొప్పులతో అమ్మ రెండుసార్లు ఆగిపోయింది. తీరా గదిలోకి వెళ్లాక మందుల సంచి కారులోనే ఉండిపోయిందని తెలిసింది. "ఏరా, ఇంత డబ్బు పోసి జూదశాలలో పడుకోబెట్టావా?" అన్నారు నాన్న. మంచం, పక్కబట్టలు, కిటికీలోంచి కనిపించే దీపాలు మాత్రం బ్రహ్మాండం, కాదనను.

ఫ్రిజ్ దగ్గర ఇంకో గొడవ. అమ్మ పెరుగు డబ్బా పెట్టడానికి లోపలున్న కూల్‌డ్రింకులు తీసి బల్ల మీద పెట్టింది. దానికి సెన్సర్ ఉంటుందట, తీసినవన్నీ బిల్లులో పడ్డాయి. ఫోన్ చేసి అరగంట చెప్పుకుంటే తీసేశారు. 89 డాలర్లకి బుక్ చేసిన గది రిసార్ట్ ఫీజు (సౌకర్యాల పేరుతో హోటల్ తప్పనిసరిగా వేసే అదనపు ఛార్జీ), ట్యాక్స్, పార్కింగ్ కలిపేసరికి 160 దాటింది. తప్పనిసరి ఫీజుల్ని మొదట చూపే రేటులోనే కలపాలని 2025 మేలో రూల్ వచ్చింది కాబట్టి ఇప్పుడు షాక్ కాస్త తక్కువే, పార్కింగ్, ట్యాక్స్ మాత్రం మీరే లెక్కేసుకోండి.

విలియమ్స్ రూట్ 66 అనే పాత హైవే మీది ఊరు. కొత్త ఇంటర్‌స్టేట్ (పెద్ద హైవే) ఆ రోడ్డు మీది ఊళ్లని తప్పించి పక్కనుంచి వెళ్లిపోతూ వచ్చింది, అలా ఆఖరుగా తప్పించింది ఈ ఊరినే, 1984లో. అందుకే మెయిన్ రోడ్డు పొడవునా ఇంకా ఆ కాలపు మోటెళ్లు కనిపిస్తాయి. గ్రాండ్ కాన్యన్ గంట దూరం. మా గది తలుపు ముందే కారు పెట్టుకున్నాం. రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, పెరుగు, దుప్పట్లు అన్నీ నాలుగడుగుల్లో లోపలికి వచ్చేశాయి. ఖాళీ ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. ఆఫీసులో ఉన్న గుజరాతీ పెద్దాయన అమ్మని చూసి నమస్తే చెప్పి, కింది గదే ఇచ్చాడు. అన్నం వండుకున్నాం (పోపు మాత్రం పెట్టకండి, స్మోక్ అలారం మోగుతుంది).

సుఖమంతా మోటెల్లోనే ఉందనుకోకండి. అంత ఎత్తులో ఏప్రిల్లో కూడా రాత్రిళ్లు గడ్డకట్టే చలి, కిటికీ కింద హీటరేమో మిక్సీలా రొద, ఐదింటికే పక్కగది వాళ్ల పికప్ ట్రక్కు స్టార్ట్. తలుపు నేరుగా బయటికే కాబట్టి లోపలి గడియ తప్పకుండా వేసుకోవాలి. నల్లుల భయం హోటల్లోనూ ఉండేదే, సామాను బాత్‌టబ్‌లో పెట్టి పరుపు అంచులు ఎత్తి నల్లచుక్కలున్నాయేమో చూశాకే మంచమెక్కండి. బాత్రూమ్‌లో మగ్గు రెండు చోట్లా ఉండదు, ఇంటి నుంచి పట్టుకెళ్లండి. మగ్గు లేక నాన్న ఐస్ బకెట్‌ని ఏం చేశారో చెప్పను గానీ, అప్పట్నుంచి నేను ఏ గదిలోనూ ఐస్ ముట్టుకోవట్లేదు.

సిటీలో రెండు మూడు రోజులు ఉండేటట్లయితే, కారు లేకపోతే హోటలే. దారిలో ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరాలంటే, అందులోనూ పెద్దవాళ్లుంటే, నా ఓటు మోటెల్‌కే. కాకపోతే యాప్‌లో బుక్ చేసి ఊరుకోకుండా ఫోన్ చేసి కింది అంతస్తు, సిగరెట్ వాసన లేనిది, రోడ్డుకి వెనక వైపు గది కావాలని అడగండి. పాత మోటెళ్లలో పై అంతస్తు ఇస్తే లిఫ్ట్ ఉండదు, సూట్‌కేసులన్నీ మీరే మెట్ల మీదుగా మోయాలి.