గోటి ఫంగస్‌కి అమోరోల్ఫిన్ పూతమందు: 15 నెలలు వాడాక నా అనుభవం

మా ఇంట్లో శ్రావణ శుక్రవారం కాళ్ళకి పసుపు రాసుకోకుండా ఉండం. 2022లో శ్రావణం వెళ్ళి, దసరా కూడా దాటిపోయాక నా కుడికాలి బొటనవేలి గోరు ఇంకా పచ్చగానే ఉంది. పసుపు మరక వదల్లేదనుకున్నాను. మిగతా తొమ్మిది గోళ్ళకీ వదిలింది కదా అని అప్పుడు తట్టలేదు. సంక్రాంతి ముగ్గు వేస్తూ గొంతుక్కూర్చున్నప్పుడు చూసుకుంటే గోరు చివర మందంగా తయారైంది, కిందనుంచి సుద్దపొడిలా రాలుతోంది. అమ్మ చూసి, "పిప్పిగోరే అమ్మాయ్, గోరింటాకు పెట్టు" అంది.

నాది భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పని. ఎనిమిది గంటలూ గమ్‌బూట్లు, లోపల సాక్సు, కింద ఐసు నీళ్ళు. షెడ్డులోకి వెళ్ళిన ప్రతిసారీ క్లోరిన్ నీళ్ళ తొట్టిలో కాలు పెట్టి దాటాలి. బూటు పైనుంచి ఎప్పుడో ఓసారి నీళ్ళు లోపలికి పడతాయి, ఇక సాయంత్రం దాకా ఆ తడి సాక్సుతోనే. నాతో పనిచేసే ఆడవాళ్ళలో ఇలాంటి గోళ్ళు చాలామందికి ఉన్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మూడు నెలలు గోరింటాకు పెట్టాను. ఎరుపు కింద పచ్చదనం కనపడకుండా పోయింది కాబట్టి తగ్గిందనిపించింది. గోరుచుట్టుకి పెట్టినట్టు నిమ్మడిప్ప కూడా తొడిగాను. తర్వాత వేళ్ళ సందుల్లో దురద కూడా మొదలైతే మెడికల్ షాపులో అడిగాను, ఓ ట్యూబు ఇచ్చారు. ఆ దురద రెండు రోజుల్లో పోయింది, ఆపగానే రెట్టింపై పాదం మీదికి పాకింది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని, అది దురదని అణుస్తుందే గానీ ఫంగస్‌ని చంపదని, పైగా పెరగనిస్తుందని తర్వాత చర్మ డాక్టరుగారు చెప్పారు. ఆ ట్యూబు ఇప్పటికీ మా వీధిలో సగం ఇళ్ళల్లో ఉంది. నాకు కడుపుమండేది దానికే.

డాక్టరుగారు మందు రాయలేదు, ముందు పరీక్ష రాశారు. గోరు కింది పొడిని గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఇంకొంచెం కల్చర్‌కి, అంటే ఫంగస్‌ని పెంచి ఏ రకమో చూసే పరీక్షకి పంపారు, దానికి నాలుగు వారాలు పట్టింది. వచ్చిన పేరు ట్రైకోఫైటాన్ రూబ్రమ్. కాలిగోళ్ళకి పట్టే ఫంగస్‌లో ఎక్కువగా కనిపించేది ఇదేనట. "చెడిన గోళ్ళన్నీ ఫంగస్ కాదమ్మా, సుమారు సగమే. సోరియాసిస్ అయినా, దెబ్బ తగిలినా ఇలాగే ఉంటుంది. తెలుసుకోకుండా ఏడాదిపాటు మందు ఎలా వాడతారు?" అన్నారు. నా గోరు సగం కంటే తక్కువే చెడింది, మొదలుదాకా పాకలేదు. అందుకని మాత్రలు కాకుండా పూతమందు ఇచ్చారు: అమోరోల్ఫిన్ 5 శాతం నెయిల్ లక్కర్, వారానికి ఒకసారి. వేళ్ళ సందులకి వేరే క్రీము.

వాడే పద్ధతి తేలికే, అయితే ఓపిక కావాలి. ఆదివారం తలంటు అయ్యాక కాళ్ళు బాగా తుడిచి ఆరబెట్టుకుంటాను. పెట్టెలో ఇచ్చిన ఆకురాయితో చెడిన గోరు పైపొరని అరగదీయాలి. స్పిరిట్ దూదితో తుడిచి, చిన్న పుల్లతో మందు పూసి నాలుగైదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఆ ఆకురాయిని మంచి గోటికి తగలనివ్వకూడదు. ఈ ఒక్క విషయం మా ఇంట్లో అందరికీ చెప్పి, డబ్బా మీద రాసిపెట్టాను.

మొదటి రెండు నెలలూ ఏమీ కనపడలేదు. మానేద్దామనుకున్న రోజులున్నాయి. అప్పుడే గోరు మొదట్లో సన్నగా ఓ గీత గీసి, పిల్లాడి స్కేలుతో కొలవడం మొదలుపెట్టాను. నెలకి ఒకటిన్నర మిల్లీమీటర్లు! నా గోరు పొడుగు 18 మిల్లీమీటర్లు, అంటే మొత్తం కొత్తది రావడానికి ఏడాది. చేతిగోళ్ళు అందులో సగం కాలంలోనే పూర్తిగా మారిపోతాయి. ఈ లెక్క అర్థమయ్యాక తొందర పోయింది. మందు చెడిన గోటిని బాగుచేయదు, కొత్తగా వచ్చే గోటిని చెడిపోకుండా కాస్తుంది అంతే. మూడో నెలలో గోరు మొదలు దగ్గర లేత గులాబీరంగు కనిపించింది. పక్కగా ఉన్న పసుపు చార మాత్రం చాలా మొండికేసింది. పన్నెండో నెలకి గోరంతా శుభ్రం. ఇంకో మూడు నెలలు ఆపకుండా పూశాను.

ఎడమకాలి చిటికెన వేలికీ అదే మందు నా అంతట నేనే ఆరునెలలు పూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. దాన్నీ గీకి చూపిస్తే ఫంగస్ లేదని తేలింది. బూటు కొన రోజూ నొక్కడం వల్ల మందం కట్టింది. ఒక సైజు పెద్ద బూట్లు మార్చుకున్నాను. ఆరునెలల పూత వృథా, తప్పు మందుది కాదు.

రెండో వేలి గోటి కింద ఓ నల్లమచ్చ కూడా చూసి భయపడ్డాను. ఐసు డబ్బా పడి రక్తం గడ్డకట్టిందది. నెలనెలా ఫోటో తీయమన్నారు. గోటితోపాటు ముందుకి జరుగుతుంటే రక్తమే. జరగకుండా మొదలునుంచి నల్లచారగా ఉండి, వెడల్పవుతూ, పక్క చర్మం మీదికి రంగు పాకితే మాత్రం ఆలస్యం చేయకూడదు, అది క్యాన్సర్ కావచ్చు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో బయటపడింది కాలిగోటి కిందే. 1981లో 36 ఏళ్ళకే పోయాడు.

మెట్టెల సంగతి రాయడానికి కాస్త వెనకాడాను, కానీ రాయాలి. మెట్టె కింద తడి ఆరదు. తీయమంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. స్నానం అయ్యాక మెట్టె జరిపి, కింద గుడ్డతో ఒత్తి ఆరబెడుతున్నాను. ఇప్పుడు ఆవిడా అలాగే చేస్తున్నారు.

ఈ మందు ఎవరికి పనికొస్తుందంటే, పరీక్షలో ఫంగస్ తేలి, ఒకటి రెండు గోళ్ళు, అదీ సగంలోపు చెడినవాళ్ళకి. గోరు మొదలుదాకా పోతే పూత ఒక్కటే చాలదు. మా పక్క టేబుల్ ఆవిడకి లివర్ పరీక్ష చేయించి ఫంగస్‌కి వేసుకునే టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, 12 వారాలు ఇచ్చారు. అమ్మకి షుగరు. ఆవిడ గోళ్ళని ఆకురాయితో నేను ముట్టుకోలేదు, డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. స్పర్శ తగ్గిన కాళ్ళకి చిన్న గీత పడినా తెలియదు.

మందుతో నాకొచ్చిన ఇబ్బంది ఒక్కటే, చర్మానికి అంటినప్పుడు కాస్త మంట. సీసా మూత చుట్టూ మందు గట్టిపడి బిగుసుకుపోతుంది, పూశాక ప్రతిసారీ తుడవాలి. ధర తక్కువేం కాదు, అయినా నాకు మళ్ళీ వస్తే ఇదే కొంటాను.

మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువని ముందే చెప్పారు. అందుకే ఇప్పుడు రెండు జతల సాక్సులు తీసుకెళ్ళి మధ్యాహ్నం భోజనాల వేళ మారుస్తున్నాను. గోళ్ళు మూలలు గుండ్రంగా తీయకుండా అడ్డంగా తిన్నగా కత్తిరిస్తున్నాను. ఆదివారం నాడు బూట్లు బోర్లించి ఎండలో పెడుతున్నాను. పోయిన వారం మా షెడ్డులో ఇంకో ఇద్దరు గోరు గీకించుకోవడానికి వెళ్ళారు. ఒకరిది ఫంగస్, ఒకరిది కాదు.