బ్రాడీపేట లైన్లా, ఒకే గేటు వెంచరా?

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం తేలిక: 4వ లైను, 14వ అడ్డరోడ్డు. ఒక వీధి తవ్వేసినా పక్క లైనులోంచి వెళ్లిపోవచ్చు.

ఊరు పెరిగాక శివార్లలో వచ్చే వెంచర్ల లెక్క వేరు. ఆర్చి ఒకటి, చుట్టూ ప్రహరీ, లోపల వీధులన్నీ గోడ దగ్గరే ఆగిపోతాయి. వెనకింటికి యాభై అడుగులే, బండి మీద మాత్రం మెయిన్ రోడ్డెక్కి చుట్టి రావాలి.

వీధులు ఎంత బాగా కలిశాయో కొలవడం సులువు: రెండు కూడళ్ల మధ్య, లేదా కూడలికీ చివరకూ మధ్య ఉండే వీధి ముక్కల సంఖ్యను కూడళ్లు, చివరలు కలిపిన సంఖ్యతో భాగించండి. నాలుగు నిలువు, నాలుగు అడ్డం వీధులైతే ముక్కలు 24, కూడళ్లు 16; 24/16, అంటే 1.5. చెట్టుకొమ్మల్లా చీలే వెంచరులో కూడళ్లు, చివరలు కలిపి అదే 16 ఉంటే 15/16 మించదు. 1.4 దాటితే మంచి అల్లిక.

వెంచరుకూ ఒక సుఖముంది, బయటి లారీలు దూరవు. కానీ చెత్త బండి రివర్సులో రావాలి, మంచినీటి పైపు చివర మడ్డి చేరుతుంది.

అసలు తప్పు హద్దులో జరుగుతుంది: పక్క లేఅవుట్ రోడ్డు పది అడుగులు పక్కకు జరిగితే రెండూ ఎప్పటికీ కలవవు. స్థలం కొనేముందు ప్లానులో రోడ్డు సర్వే నంబరు గట్టు దాకా ఉందో, మధ్యలో ప్లాటు అడ్డొచ్చిందో చూడండి.